ఏడో బొత్తాం

అక్షరాలు నాకు అరవై ఆరో ఏట వచ్చాయి. అందుకని ఇందులో తప్పులు దొర్లితే మన్నించాలి. చెయ్యి కూడా నెమ్మది. ఈ కాసిని కాగితాలు నింపడానికి ఒక చలికాలమంతా పట్టింది. ఇది మా ఆయన వాల్టర్ కథ. ఇందులో నెల్లీ అని వచ్చే మనిషి నేనే. కాని ‘నేను, నేను’ అని రాసుకుంటూ పోతే కథ ఆయన చేతిలోంచి నా చేతిలోకి వచ్చేస్తుంది. ఆ రోజు నేను మైదానంలో లేను. కొంత ఆయన చెప్పింది, మిగిలింది చాలా ఏళ్ల తరవాత ఇంకొకావిడ చెప్పింది.

వాల్టర్ హెప్‌వర్త్ పదమూడేళ్లు జిల్లా జట్టులో జీతం మీద ఎడమచేతి స్పిన్ వేశాడు. మోకాలు మొరాయించాక, అంపైర్ల జాబితాలో చేర్చుకోమని లండన్‌కి రాసుకున్నాడు. ఒక ఏడాది చూసి చెబుతామన్నారు. అది 1957వ సంవత్సరం.

చూడటమంటే లండన్ నుంచి ఎవరో వచ్చి చూడటం కాదు. ప్రతి ఆట అయ్యాక రెండు జట్ల కెప్టెన్లూ ఇద్దరు అంపైర్లకీ మార్కులు వేసి పంపుతారు. వేసవి ఆఖర్న ఆ మార్కులన్నీ కలిపి చూసి, అట్టడుగున ఉన్న ఇద్దరి పేర్లు కొట్టేస్తారు. ముందు రోజు వరకూ మైదానంలో ఎవరి మాటకి ఎదురు లేదో, ఆ మనిషికి మర్నాడు మైదానంలోనే పని ఉండదు.

జులైలో ఉత్తరం వచ్చింది. నెల్లీకి చదువు రాదు. చిన్నప్పుడు చెవిలో చీము పట్టి మూడేళ్లు ఆసుపత్రిలో గడిపింది, బయటికి రాగానే మిల్లులో చేరింది. అందుకని ఇంటికి ఏ ఉత్తరం వచ్చినా వాల్టరే పైకి చదివేవాడు. ఆవిడ బంగాళాదుంపలు చెక్కుతూ వినేది.

“ఏమంటున్నారు?” అంది నెల్లీ.

“అడుగు నుంచి మూడో వాణ్ణట.”

“పోయేది ఇద్దరేగా.”

“ఇంకా ఐదు ఆటలున్నాయి నెల్లీ. నాకూ వాళ్లకీ మధ్య ఉన్నది ఒక్క మెట్టే.”

“జారకపోతే?”

“జారకపోతే అరవై ఏళ్లొచ్చేదాకా తెల్లకోటు వేసుకుని ఎండలో నిలబడతా. జారితే రంగుల మిల్లు.”

రంగుల మిల్లు గురించి ఆ ఇంట్లో ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. వాల్టర్ తండ్రి అక్కడ ముప్ఫై ఏళ్లు చేశాడు. శవపెట్టెలో పడుకోబెట్టినప్పుడు కూడా ఆయన చేతులు మోచేతుల దాకా నీలంగానే ఉన్నాయి.

ఆ తండ్రి చలికోటుకి ఉండే ఆరు పెద్ద కొమ్ము బొత్తాలు వాల్టర్ దగ్గర ఒక పొగాకు డబ్బాలో ఉండేవి. ఓవర్‌కి ఆరు బంతులు కదా. అంపైర్లు ఆ ఆరూ లెక్కపెట్టుకోవడానికి తలకో పద్ధతి పెట్టుకుంటారు. ఒకరు గులకరాళ్లు, ఒకరు పెన్నీ నాణాలు. వాల్టర్‌వి బొత్తాలు. కోటు వేసుకోగానే ఆరింటినీ ఎడమ జేబులో పోసుకునేవాడు. బంతి పడ్డప్పుడల్లా ఒక బొత్తాం కుడి జేబులోకి మార్చేవాడు. ఎడమ జేబు ఖాళీ అయితే ఓవర్ అయినట్టు. కళ్లు మాత్రం ఎప్పుడూ ఆట మీదే.

ఆగస్టులో ఒక గురువారం నెల్లీ ఆ తెల్లకోటు ఉతికింది. పిండే మరలోంచి తీసేసరికి పై బొత్తాం ఊడిపోబోతూ దారానికి వేలాడుతోంది. పంటితో దారం కొరికింది. ఇస్త్రీ అయ్యాక కుట్టొచ్చులే, ఈలోగా ఎక్కడా పడిపోకూడదని దాన్ని కోటు ఎడమ జేబులోనే వేసింది. ఇంతలో గోడ అవతలి నుంచి పక్కింటావిడ పిలిచింది. కూతురి పెళ్లి కబుర్లు. ఆ కబుర్లు అయ్యేసరికి టీ వేళ అయింది. కోటు ఇస్త్రీ అయింది, మడతపడింది, పెట్టెలోకి వెళ్లింది. బొత్తాం సంగతి ఆవిడ మరిచేపోయింది.

శనివారం పొద్దున థార్న్‌సీ అనే సముద్రపు ఊళ్లో ఆట. అంపైర్ల గదిలో కోటు తొడుక్కుంటూ వాల్టర్ పై బొత్తాం లేకపోవడం గమనించాడు. పిన్నీసు పెట్టుకున్నాడు. డబ్బా తెరిచి ఆరు బొత్తాలూ ఎడమ జేబులోకి వంపుకున్నాడు. లోపలికి తొంగి చూడలేదు. ఎందుకు చూస్తాడు?

“పెళ్లికొడుకులా ఉన్నావోయ్ పిన్నీసుతో,” అన్నాడు డైసన్. ఫ్రాంక్ డైసన్ ఆ ఆటకి రెండో అంపైరు. ఇరవై ఏళ్లుగా ఆ పనిలో ఉన్నాడు. ఎవరితో మాట్లాడినా సగం నిద్రలో ఉన్నట్టుంటాడు గాని, వాడి చెవిని దాటి ఏ చప్పుడూ పోదు.

మొదట బ్యాటింగ్ చేసింది వచ్చిన జట్టు. ఇద్దరు దిగారు. ఒకడు కెప్టెన్ మిస్టర్ కార్లియన్. ఆయన జీతం పుచ్చుకోకుండా ఆడే దొరబాబు. జీతగాళ్లంతా ఆయన్ని ‘సర్’ అనాలి, ఆయన వాళ్లని ఇంటిపేరుతో పిలుస్తాడు. రెండో వాడు ఎనోక్ బార్‌స్టో. వాడికి ముప్ఫై తొమ్మిదేళ్లు. పద్దెనిమిది వేసవులుగా జీతం మీద ఆడుతున్నాడు. వాల్టర్ వాడికి వేసిన బంతులు వేలల్లో ఉంటాయి. ఆ ఏడాది వాడు పెద్దగా పరుగులు చెయ్యలేదు. వచ్చే ఏడాదికి ఉంచాలా, పంపాలా అని వాళ్ల జిల్లా కమిటీ ఆ నెలలోనే తేల్చబోతోంది. కమిటీ పెద్దలు నలుగురు పెవిలియన్ మేడ మీద టోపీలు పెట్టుకుని కూర్చుని ఉన్నారు కూడా.

మొదటి ఓవర్ డైసన్ వైపు నుంచి. రెండోది వాల్టర్ వైపు నుంచి. ఎదురుగా ఎనోక్.

ఆరు బంతులు పడ్డాయి. ఎనోక్ ఆరింటినీ నేలకి అదిమాడు. ఆరోది అవగానే ముందుకొచ్చి, బ్యాట్‌తో నేల తట్టి, ఒక చేతి తొడుగు విప్పుకుని వాల్టర్ వైపు చూశాడు. వాల్టర్ వేలికి ఎడమ జేబులో ఇంకో బొత్తాం తగులుతోంది. ఇంకొకటి ఉందిగా అనుకున్నాడు. బౌలర్ నడుచుకుంటూ వెనక్కి పోతున్నాడు. ఎనోక్ ఒక్క క్షణం ఆగాడు. ఆగి, ఏమీ అనకుండా తొడుగు మళ్లీ వేసుకుని తన చోటికి వెళ్లాడు.

ఆ ఏడో బంతి లోపలికి తిరిగి మధ్య స్టంపుని వెల్లకిలా పడేసింది.

“మంచి బంతి అబ్బాయ్,” అన్నాడు ఎనోక్ బౌలర్‌తో. బ్యాట్ చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. వాల్టర్ పక్కనుంచే వెళ్లాడు గాని ముఖం తిప్పలేదు, ముడిచిందీ లేదు.

మిస్టర్ కార్లియన్ మాత్రం కదలలేదు. “హెప్‌వర్త్, అది ఏడో బంతి,” అన్నాడు.

“నా దగ్గర ఆరే సర్.”

అంటూనే కుడి జేబులో చెయ్యి పెట్టాడు. వేళ్లతో లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. ఏడోదానికి మెత్తగా ఏదో తోక తగిలింది. అరచేతిలోకి తీసి చూస్తే తెల్ల బొత్తాం, దానికి తడిసి ఎండిన దారం ముక్క. తన కోటుదే. అది జేబులోకి ఎలా వచ్చిందో వాల్టర్‌కి అప్పుడే, అక్కడే, మొత్తం అర్థమైంది.

చేయగలిగింది లేదు. అంపైర్ ఎన్ని అంటే అన్నే. పడిన వికెట్ పడినట్టే. లెక్క రాసేవాళ్లు తమ పుస్తకంలో ఆ ఓవర్‌కి ఏడు గుర్తులు పెట్టుకుని ఊరుకున్నారు.

జనం ఊరుకోలేదు. వాల్టర్ తరవాతి ఓవర్ మొదలుపెట్టగానే వచ్చిన జట్టు కుర్రాళ్లు వసారాలోంచి గొంతెత్తి లెక్కపెట్టడం మొదలెట్టారు. “ఒకటీ... రెండూ...” మూడో బంతికి మైదానం చుట్టూ ఉన్నవాళ్లు అందుకున్నారు. గుడ్డ కుర్చీలో కూర్చున్న ఒక ముసలాయన అయితే లేచి నిలబడ్డాడు.

“ఏమోయ్ వాల్టర్, మా ఆవిడ గుడ్లు అమ్ముతుంది. నిన్ను పంపమంటావా లెక్కకి? డజనుకి పద్నాలుగొస్తే బేరం బాగా సాగుతుంది.”

వాల్టర్ ఎదురుగా చూస్తూ నిలబడ్డాడు. చెవులు మాత్రం టమాటాల్లా అయ్యాయి. “నాలుగూ... ఐదూ...” అంటుండగా వసారాలోకి ఎనోక్ వచ్చాడు. మెడ చుట్టూ తువ్వాలు. కుర్రాళ్లతో ఏదో అన్నాడు, రెండు మాటలే. ఆరు ఎవరూ అనలేదు.

భోజనం వేళ అంపైర్ల గదిలో వాల్టర్ ఏడు బొత్తాలూ బల్ల మీద పెట్టాడు. డైసన్ చల్లారిన మాంసం ముక్క నములుతూ వాటి వంక చూశాడు.

“ఓహో,” అన్నాడు.

“టీ వేళకి వెళ్లి చెప్పేస్తా, ఫ్రాంక్.”

“ఎవరికి?”

“ఎనోక్‌కి.”

“మతి పోయిందా? ఇరవై ఏళ్లలో నేను ఆటగాళ్ల గది గడప తొక్కలేదు. తప్పయిందని ఒక్కసారి అన్నావో, రేపటి నుంచి ప్రతి బంతికీ నీ ముందు క్యూ కడతారు. నోరు మూసుకో. నియమం నీ పక్షానే ఉంది.”

“నియమం ఉంది. బొత్తాం కూడా ఉందిగా.”

“మార్కులు వేసేది ఆ కార్లియన్, గుర్తుందా? ఇప్పుడైతే పుస్తకంలో గుర్తులే. నువ్వెళ్లి చెబితే నీ నోటి ఒప్పుకోలు. అడుగు నుంచి ఎన్నో వాడివి నువ్వు?”

“మూడో వాణ్ణి.”

“తిను,” అన్నాడు డైసన్. “మిల్లులో ఇంత మాంసం పెట్టరు.”

వాల్టర్ తిన్నాడు. టీ వేళకి మాత్రం అందరూ లోపలికి పోయాక, చెక్క మెట్లెక్కి వెళ్లాడు. ఆ పెవిలియన్‌లో పక్కపక్కనే రెండు తలుపులు ఉండేవి. ఒకటి దొరబాబులది, ఒకటి జీతగాళ్లది. మధ్యలో సగం తెరిచిన చిన్న తలుపు. ముందు కెప్టెన్ తలుపు తట్టడం మర్యాద. వాల్టర్ జీతగాళ్ల తలుపే తట్టాడు.

లోపల మాటలు ఆగిపోయాయి. తెల్లకోటుతో ఒక మనిషి ఆ గదిలోకి రావడం వాళ్లలో ఎవరూ అంతకు ముందు చూసి ఎరగరు. ఎనోక్ బెంచీ మీద కాళ్లు చాపుకుని టీ తాగుతున్నాడు. వాల్టర్ బొత్తాలు తీసి వాడి పక్కన వరసగా పెట్టాడు. ఆరు నల్లవి, ఒకటి తెల్లది.

“నువ్వు అవుటయింది ఏడో బంతికి, ఎనోక్. లెక్క తప్పింది నేనే. మార్చలేను గాని, నీకు తెలియాలని వచ్చాను.”

ఎనోక్ కప్పు కింద పెట్టాడు. తెల్ల బొత్తాం తీసుకుని, దారం కొస వెలుతురులో చూశాడు. “ఇది జేబులోకి ఎలా వచ్చింది?”

“కోటు నాది. జేబు నాది. తప్పూ నాదే.”

“జేబులో ఎవరు వేశారని అడుగుతున్నా.”

“కోటు నాది అన్నాగా.”

“పెళ్లయిందా నీకు?”

“జేబు నాది ఎనోక్.”

ఎనోక్‌కి నవ్వొచ్చింది. మొదట పెదవి చివర, తరవాత పొట్టంతా. “మా ఆవిడ ఒకసారి నా బూట్లలో ఉల్లిగడ్డలు పెట్టిందిరా అబ్బాయిలూ, ఆరబెట్టడానికి. టాస్ పడ్డాక తెలిసింది నాకు.” గది గొల్లుమంది. పొద్దున లెక్కపెట్టిన కుర్రాళ్లే అందరికంటే ఎక్కువ నవ్వారు.

నవ్వు తగ్గాక ఎనోక్ అన్నాడు: “నేనూ ఒకటి చెబుతా వాల్ట్. ఆరోది ఆరోదేనని నాకు తెలుసు. తొడుగు కూడా విప్పా. ‘ఇక చాలు’ అని ఒక్క మాట అంటే సరిపోయేది. కొత్త అంపైర్, ఇంత జనం ముందు, ఎందుకులే పాపం అనుకున్నా. అంపైర్‌కి లెక్క చెప్పే అలవాటు నాకు లేదు. అందుకని ఇందులో సగం నాది.”

“నీది కాదు.”

“సరే, నీ జేబు నువ్వే ఉంచుకో,” అని బొత్తాలన్నీ కూడదీసి వాల్టర్ చేతిలో పోశాడు.

అప్పుడు మధ్య తలుపు దగ్గర మిస్టర్ కార్లియన్ నిలబడి ఉండటం వాల్టర్ చూశాడు. ఎంతసేపట్నుంచి ఉన్నాడో తెలియదు.

“హెప్‌వర్త్,” అన్నాడాయన, “అంపైర్లు ఆటగాళ్ల గదిలోకి రారు.”

“అవును సర్,” అన్నాడు వాల్టర్. బయటికొచ్చాడు. మెట్ల కింద డైసన్ నిలబడి ఉన్నాడు. వాల్టర్ ముఖం చూసి, తన జేబులోంచి ఒక పిప్పరమెంటు తీసి ఇచ్చాడు.

ఇంతటితో అయిపోతే బాగానే ఉండేది. కాని అసలైంది మూడో రోజు వచ్చింది. ఆదివారం ఆట ఉండదు గనక మూడో రోజంటే మంగళవారం.

మంగళవారం మధ్యాహ్నం ఎనోక్ రెండోసారి బ్యాటింగ్‌కి దిగి, పాత రోజుల్లోలాగా ఆడాడు. యాభై, డెబ్భై, తొంభై. మేడ మీద టోపీల వాళ్లు ముందుకు వంగి చూస్తున్నారు. తొంభై ఒకటి దగ్గర ఎడమచేతి స్పిన్నర్ వచ్చాడు, వాల్టర్ వైపు నుంచి. నాలుగో బంతి తిరగలేదు. నేరుగా దూసుకొచ్చింది. ఆ బంతిని వాల్టర్ పదమూడేళ్లు వేశాడు. బౌలర్ చేతిలోంచి జారేటప్పుడే వాల్టర్‌కి తెలిసిపోయింది, ఇది తిరగదని. ఎనోక్ తిరుగుతుందనుకుని కాలు చాపాడు. బంతి ప్యాడ్‌కి తగిలింది. వెనక స్టంపులు. మధ్యలో ఇంకేం లేదు.

పదకొండు మందీ వాల్టర్ వైపు తిరిగి అరిచారు.

కాదంటే ఎవరూ అడగరు. కొంచెం పక్కకి పోతోంది అనుకున్నా అంటే చాలు. శనివారం బాకీ తీరిపోతుంది. ఎనోక్‌కి వంద, వచ్చే ఏడాదికి చోటు. కార్లియన్‌కి సంతోషం, వాల్టర్‌కి మార్కు. వాల్టర్ ఇది నెల్లీకి చెప్పినప్పుడల్లా ఇక్కడికి రాగానే, “చెయ్యి జేబులో బొత్తాల మీదే ఉంది నెల్లీ. వాటిని వదిలితేగాని వేలు పైకి రాదు,” అనేవాడు.

వదిలాడు. వేలెత్తాడు.

ఎనోక్ ఆ వేలు చూశాడు, బ్యాట్ చంకలో పెట్టుకున్నాడు. వాల్టర్ పక్కకి రాగానే నడక ఆపకుండానే అన్నాడు: “నాలుగో బంతి. ఈసారి లెక్క సరిపోయింది, వాల్ట్.”

జనం లేచి చప్పట్లు కొట్టారు. మేడ మీద టోపీలు కూడా లేచాయి.

సాయంత్రం ఆట ముగిశాక మిస్టర్ కార్లియన్ లెక్క రాసేవాళ్ల బల్ల దగ్గర నిలబడి మార్కుల కాగితం నింపాడు. పక్కనుంచి వెళుతూ వాల్టర్ చూడకూడదనుకున్నాడు గాని చూశాడు. ఆయన ఎడం చెయ్యి కాగితానికి అడ్డంగా ఉంది.

వాల్టర్ ఇంటికొచ్చి నెల్లీతో జరిగినదంతా చెప్పాడు, ఒక్కటి తప్ప. “లెక్క తప్పానంతే,” అన్నాడు. “ఎండలో బుర్ర ఎటో పోయింది.” కోటు పై బొత్తాం కుట్టి ఉంది, నల్లదారంతో, వంకరగా.

“ఎవరు కుట్టారిది, గుడ్డివాళ్లా?” అంది నెల్లీ.

“నేనే.”

“మగాళ్ల కుట్టు,” అని నవ్వింది నెల్లీ. బొత్తాం జేబులో దొరికినట్టుంది, మంచిదే అనుకుంది. అంతకు మించి ఆవిడకి తట్టలేదు.

సెప్టెంబరులో ఉత్తరం వచ్చింది. నెల్లీ ఆ రోజూ బంగాళాదుంపలే చెక్కుతోంది. వాల్టర్ మొదట తనలో తను చదువుకుని, కూర్చుని, తరవాత పైకి చదివాడు. వచ్చే వేసవికి జాబితాలో అతని పేరుంది. నెల్లీ చేతులు తుడుచుకోకుండానే వాల్టర్ మెడ పట్టుకుంది. ఆ చొక్కాకి మట్టి మరక పడింది.

కార్లియన్ ఎన్ని మార్కులు వేశాడో ఎప్పటికీ తెలియలేదు. తరవాతి మే నెలలో టాస్‌కి వెళుతూ ఆయన వాల్టర్ దగ్గర ఆగి, “జేబులు చూసుకున్నావా, హెప్‌వర్త్?” అన్నాడు. “చూసుకున్నాను సర్,” అన్నాడు వాల్టర్. ఆయన తలూపి వెళ్లిపోయాడు. ఆయన నవ్వడం మైదానంలో ఎవరూ చూసి ఉండరు గాని, ఆ తలూపిన తీరు నవ్వులాగే ఉందని వాల్టర్ అనేవాడు.

అంతకు ముందే, అక్టోబరులో, ఎనోక్ భార్య ఓలివ్ నుంచి ఒక చిన్న పొట్లం వచ్చింది. అందులో వాళ్ల ఊరి రేవులో ఏరిన ఆరు గులకరాళ్లు, నున్నగా, ఒకే సైజువి. ఒక ఉత్తరం. వాల్టర్ పైకి చదివాడు: ఎనోక్‌కి ఇంకో ఏడాది ఇచ్చారు, తొంభై ఒకటి చాలిందట, ఈ రాళ్లు మీ లెక్కకి పనికొస్తాయని పంపుతున్నాను, ఇద్దరూ కులాసాగా ఉండండి.

“అంతేనా?” అంది నెల్లీ. “రెండు వైపులా రాసి ఉందే.”

“ఆవిడ చేతిరాత పెద్దది,” అన్నాడు వాల్టర్.

ఆ రాళ్లతో ఆయన పద్దెనిమిది వేసవులు లెక్కపెట్టాడు. బొత్తాలు అరిగిపోయాయని చెప్పాడు. కొమ్ము బొత్తాలు అంత తొందరగా అరగవని నెల్లీకి తెలుసు, కాని అడగలేదు.

ఆయన పోయాక ఇంటికొచ్చే ఉత్తరాలు చదివిపెట్టే మనిషి లేకపోయాడు. గ్రంథాలయం మేడ మీద పెద్దవాళ్లకి చదువు చెబుతున్నారంటే నెల్లీ వెళ్లింది. రెండు చలికాలాలు పట్టింది. ఒకరోజు పొగాకు డబ్బా తెరిచి, రాళ్ల అడుగున మడిచి ఉన్న ఆ ఉత్తరం తీసి, వేలు పెట్టుకుని ఒక్కో మాటా చదివింది. మొదటి వైపు వాల్టర్ చదివినట్టే ఉంది. రెండో వైపు ఇలా ఉంది:

“మీ ఆవిణ్ణి ఏమీ అనకండి. కోటు నాది, జేబు నాది అని మీరు పట్టుపట్టారని ఎనోక్ చెప్పాడు. కాని దారం పంటితో కొరికి ఉందట. మగాడైతే కత్తెర కోసం వెతుక్కుంటాడు. నేనూ పంటితోనే కొరుకుతాను. ఈ రాళ్లకి చిల్లులు లేవు, ఆవిడ వీటిని దేనికీ కుట్టే వీల్లేదు.”

నెల్లీ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది. గురువారం, పిండే మర, పక్కింటావిడ కూతురి పెళ్లి, అన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ తరవాత ఒక్కతే కూర్చుని చాలాసేపు నవ్వింది. ముప్ఫై ఏళ్లు ఒకే మంచం మీద పడుకుని, ఒక్కసారి కూడా ఆ మాట జారనివ్వలేదు ఆ మనిషి.

ఆవిడ తన చేత్తో రాసిన మొదటి ఉత్తరం ఓలివ్‌కే. ఎనోక్ కూడా అప్పటికి లేడు. ఓలివ్ జవాబు రాసింది, తరవాత తనే వచ్చింది. ఇద్దరూ రెండు కెటిళ్ల టీ తాగారు. ఆ రోజు ఆటగాళ్ల గదిలో జరిగిందంతా, ఉల్లిగడ్డలతో సహా, అప్పుడే తెలిసింది.

తెల్లకోటు బీరువాలో ఉంది. పై బొత్తాం ఇప్పటికీ ఆ నల్లదారంతోనే, వంకరగానే ఉంది. విప్పి సరిగా కుట్టడానికి ఎంత పని? పది నిమిషాలు. కుట్టలేదు.

నెల్లీ హెప్‌వర్త్, ఎనభై మూడేళ్లు,
ఇప్పుడు ఉంటున్నది ఫైలీలో, మా అమ్మాయి ఇంటి కింది గదిలో.